డ మీద గుడి

ఆ రోజు లాల్‌దర్వాజా ఇంట్లో ఉన్నది నలుగురం: మా మేనమామ పరబ్రహ్మంగారు, అమ్మమ్మ కామేశ్వరమ్మ, అటెండరు అంజన్, ఊరి నుంచి వచ్చిన నేను. ముందుగది సర్కారువారి తీరప్రాంత చిత్తడి నేలల రక్షణ కార్యాలయం. సముద్రానికి రెండువందల మైళ్ల దూరంలో ఉంటేనే దాన్ని నిష్పక్షపాతంగా రక్షించగలమని మామయ్య అభిప్రాయం.

నిధులు క్రమంగా పెరిగిన తీరు చెప్పుకోదగ్గది. 1976లో బోర్డుకు ఇచ్చారు. మరుసటి ఏడు ఉప్పెన వచ్చి వెళ్లాక బోర్డుకు రంగు వేయించారు. ఎనభైలో జీపు, ఎనభై ఒకటిలో షెడ్డు. ఈ ఏడు ఏకంగా పది రెట్లు పెంచి ఉత్తర్వు పంపారు: "తీరంలో మడి రక్షణకు."

మా ఊరి ఉప్పుటేటి పక్కన ఉన్నవి మడ చెట్లు. ఉప్పెనకు వాటి వెనక ఉన్న ఇళ్లే మిగిలాయి. సోమవారం వాటిని ఇటుకబట్టీల కోసం వేలం వేసి కొట్టేస్తారు. ఆపమని నాన్న రాసిన అర్జీ మీద మామయ్య ముద్ర పడితే చాలు.

"మామయ్యా, అది మడి కాదు, మడ. డ మీద గుడి ఎక్కువ పడింది," అన్నాను గుమ్మంలోంచి. అంత మాట అనడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మామయ్య నిజాయితీపరులు. "నాకు తెలీదుటమ్మా? 'గుడి తీసివేయవలెను' అని అప్పుడే పైకి రాశాను."

"ఏమన్నారు?"

"ఏమంటరు బిడ్డా?" అన్నాడు అంజన్. "పాతబస్తీల గుడి తీస్తరా అని మస్తు లొల్లి. పోలీసోళ్లు మూడు దినాలు గల్లీల కూసున్నరు. ఆళ్లకు చాయ్ పోసుడే నా నౌకరాయె."

మామయ్య జవాబు చదివి వినిపించారు: "సదరు గుడిని యథాతథంగా ఉంచవలెను. నిర్వహణకు అదనపు నిధులు మంజూరు."

అందుచేత మామయ్య పది నుంచి ఐదు వరకు మడి కట్టుకుని తడిబట్టతో కుర్చీలో కూర్చుంటున్నారు. అమ్మమ్మ గౌరవ సలహాదారు. మొన్న ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసరు గచ్చు తడిమి చూసి, "చిత్తడి సంతృప్తికరం" అని రాసి వెళ్లాడట.

"ఒక్క ముద్ర, మామయ్యా." అర్జీ చాపాను. ఆయనా చెయ్యి చాపారు.

"ఒరే! ఆ కాగితం ఎందరు ముట్టుకున్నారో! ముట్టుకుంటే ఆడిట్ వాళ్లకు నేనే చెప్తాను," అంది అమ్మమ్మ.

మామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఐదు దాటాక రామ్మా."

"ఐదు దాటితే ముద్ర చెల్లుతుందా?"

"చెల్లదు," అన్నారు ఆప్యాయంగా.

"సోమవారం కొట్టేస్తారు మామయ్యా!"

"దూరం, దూరం! చెట్లదేముందే, మళ్లీ మొలుస్తాయి. మడి పోతే వస్తుందా?" అంటూ అమ్మమ్మ నా ముఖం మీదే తలుపు వేసేసింది.