నూటికి నూరు మంది తింటామన్న అన్నం

మంగళవారం పొద్దున టీ తాగి ముగించేలోపే షాహుల్ బుర్రలో పథకం తయారైపోయింది. గురువారానికల్లా మార్కెట్ రీసెర్చ్ పూర్తి చేయాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సంజీవమ్మ చేతిలో అడ్వాన్సు పెట్టి, జమ్మలమడుగు బస్టాండు పక్కనున్న ఆమె గది తాళం తీసుకోవాలి. నెల తిరిగేలోగా అందులో మజ్బూస్ సెంటర్ తెరవాలి. మజ్బూస్ అంటే మాంసం, యాలకులు, ఎండు నిమ్మకాయ వేసి అరబ్బులు వండుకునే అన్నం. కువైట్‌లో ఓ హోటల్ వంటగదిలో ఆరేళ్లుంటే అతని చేయి తిరిగింది ఆ ఒక్క వంటలోనే. ఆ ఆరేళ్ల సంపాదన అంతా ఇప్పుడు దాని మీదే పెట్టబోతున్నాడు.

భార్య రిహానాకు అదే భయం. "ఈడ దాన్ని ఎవురు తింటారో ఏమో! ముందు జనాన్ని అడుగయ్యా."

"అడిగేదానికే కదా కూచ్చునిండేది! ఫోన్లో అడిగితే పైసా ఖర్చు ల్యా" అన్నాడు షాహుల్.

ఆ ధైర్యం అతనికి ఓ వీడియో ఇచ్చింది. అందులో ఓ అమ్మాయి ఉచితంగా దొరికే సర్వే ఫారం ఎలా తయారు చేయాలో చూపించి, మూడు జాగ్రత్తలు చెప్పింది. అమ్ముతున్నట్టు కనిపించకూడదు. ధర మాట ఎత్తకూడదు. ఎప్పుడైనా తింటారా అని కాకుండా రోజు, గంట చెప్పి అడగాలి. షాహుల్ మూడూ తు.చ. తప్పకుండా పాటించాడు. "శుక్రవారం జుమ్మా నమాజు అయినాక, రెండు గంటలకు, మటన్ మజ్బూస్ వేడివేడిగా ఉంటే మీ ఇంట్లో ఎంతమంది తింటారు?" అని రాసి, 'శానా ఇష్టం, పరవాలేదు, వద్దు' అని మూడు గడులిచ్చి, కింద తన పేరు పెట్టి, నలభై మంది బంధుమిత్రులకు వాట్సాప్‌లో పంపాడు.

గురువారం పొద్దున ఫారం తెరిస్తే అతనికి కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్కరు కూడా వద్దనలేదు. వీడియోలో అమ్మాయి చూపించిన వృత్తంలో మూడు రంగులున్నాయి. తన వృత్తం నిండా ఒకటే పచ్చరంగు. మొత్తం తినేవాళ్లు నూట ముప్పై ఆరు మంది!

"చూసినావా? నూటికి నూరు!" అని రిహానాకు చూపిస్తుండగానే ఫోన్ మోగింది. పులివెందుల నుంచి మేనత్త హజరాబీ.

"ఒరే షాహులూ, బస్సుకు రావల్లనా, జీపు మాట్లాడుకోవల్లనా? పదకొండు మందిమి ఉండాం."

"యాడికత్తా?"

"యాడికేందిరా! రేపు మీ ఇంటికి. పిలిచినోనివి నువ్వే కదా!"

షాహుల్ ఫోన్ పెట్టేసేలోపు ప్రొద్దుటూరు నుంచి బావ అస్లాం. "మా వీధిలో ఇంగో ముగ్గుర్ని కూడా తోడుకొస్తాండా. వాళ్లకు ఫారం నింపేది రాదు, నువ్వే రాసుకోప్పా."

రిహానా ఫోన్ లాక్కుని ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. "కువైట్ నుంచి వచ్చి రెండు నెల్లాయ. ఊరికొచ్చినోడు దావత్ పెట్టల్లనా, వద్దా? ఎప్పుడు పెడతాడని అందరూ నన్ను నమిలేస్తాండారు. ఇంతలో నువ్వు రోజు చెప్తివి, టైం చెప్తివి, ఎంతమంది అంటివి. ఇది పిలుపు కాక ఏందయ్యా?"

షాహుల్ "ఇది దావత్ కాదు, సర్వే" అని అందరికీ సందేశం పెట్టాడు. అస్లాం పగలబడి నవ్వే బొమ్మ పంపాడు. హజరాబీ గొంతు రికార్డు చేసి పంపింది: "సర్వేనో గిర్వేనో, లెక్క సరిగ్గా రాసుకో. మావోళ్లు పదకొండు కాదు, పన్నెండు."

మధ్యాహ్నానికి వాకిట్లో ఆటో ఆగింది. వంట మేస్త్రీ లాల్ బాషా రెండు పెద్ద డేగిసాలు దించుతూ, "నాకు చెప్పకుండానే దావత్ పెడతాండావే అల్లుడూ! నీ నికాకు వండింది ఎవురు?" అని నిలదీశాడు.

ఇక తప్పించుకునే దారి లేదు. షాహుల్ కాసేపు తల పట్టుకుని, చటుక్కున లేచాడు. ఎలాగూ వండాలి. తన వంటే వండితే సరి. తిన్నవాళ్ల మెప్పు చూసుకుని, అదే ఊపులో అడ్వాన్సు ఇచ్చేయవచ్చు.

శుక్రవారం తెల్లారేసరికి పొయ్యిలు రాజుకున్నాయి. లాల్ బాషా చుట్టూ వెతికి, "మిరపకాయలు యాడ పెట్టినావు?" అన్నాడు.

"దీంట్లో మిరపకాయలు వెయ్యరు మామా."

లాల్ బాషా గరిటె కింద పెట్టి, చావుకబురు విన్నవాడిలా నోటి మీద చెయ్యేసుకున్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి రిహానాతో ఏదో గుసగుసలాడాడు. ఆమె వెంటనే ఇంకో పొయ్యి వెలిగించి, కందిపప్పు, సొరకాయ, ఎముకల ముక్కలతో దాల్చా ఎక్కించింది. కారం కొలవలేదు, కుమ్మరించింది.

రెండింటికి మూడు ఊళ్ల జనం బంతుల్లో కూర్చున్నారు. షాహుల్ ముద్ద ముద్దకీ ముఖాలు వెతుక్కుంటూ తిరిగాడు. హజరాబీ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"ఏందిరా ఇది, జరమొచ్చినోళ్లకు పెట్టే కూడు మాదిరుంది!"

"ఫారంలో శానా ఇష్టమని రాసినావు కదత్తా!"

"దావత్‌కు పిలిస్తే ఇష్టం లేదని రాస్తామారా, పిచ్చోడా!"

అప్పుడే దాల్చా బకెట్టు వచ్చింది. బంతి మొత్తానికి ప్రాణం లేచొచ్చింది. "ఈడ పొయ్యి", "ఆ మూలకు రాల్యా" అని కేకలు. యాలకుల అన్నం ఎర్రటి దాల్చాలో ఆనవాలు లేకుండా మునిగి, విస్తళ్లు ఖాళీ అయ్యాయి. మూడుసార్లు బకెట్టు నింపాక రిహానా చేతులెత్తేసింది.

సరిగ్గా నాలుగింటికి, చివరి బంతిలోంచి సంజీవమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. ఫారం ఆమెకూ వెళ్లింది. 'ఒక్కదాన్నే' అని నింపి వచ్చింది. షాహుల్ అడ్వాన్సు కవరు తీసి, ఇవ్వాలో మానాలో తేలక నిలబడ్డాడు.

"లోపల పెట్టుకో నాయనా" అంది ఆమె. "నువ్వు వండిందానికి నా గది ఇయ్యను. మూడు నెల్లకే మూసి, ఉసూరుమంటా పోతావు. నీ పెండ్లాం దాల్చాకైతే రేపే వచ్చి తాళం తీస్కో. పొద్దున్నే నాకో గిన్నె పంపితే చాలు, అడ్వాన్సు తర్వాత చూస్తాం."

షాహుల్ అక్కడే బోర్లించిన డేగిసా మీద కూలబడ్డాడు. గుండెల్లోంచి ఆరేళ్ల బరువు దిగినట్టు ఓ పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఈ దావత్ లేకుంటే ఆ పచ్చటి వృత్తాన్ని నమ్మి ఈపాటికి కవరు ఇచ్చేసేవాడు. పైగా రెండు నెలల దావత్ బాకీ కూడా తీరిపోయింది. రిహానా పక్కన కూర్చుని, మాడు అంటిన గరిటె చేతికిచ్చింది.

"ఇంగ తోముదువు రా" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఖర్చు లేకుండా మార్కెట్ రీసెర్చ్ చేయవచ్చని వీడియోలో అమ్మాయి చెప్పింది నిజమే. నూట నలభై మందిలో ఒక్కరికీ పైసా ఖర్చు కాలేదు.