మానిటర్ ఎంపికలో ఉన్నాను, కదిలించకండి!

మనశ్శాంతి కోసం తెల్లారగట్ల లేచి ధ్యానాలు చేసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, అమ్మా, అవన్నీ మానేయండి. చవకలో ఒక మంచి మానిటర్ కోసం వెతకడం మొదలుపెట్టండి! రెండు నెలల పదకొండు రోజులు వెతికినవాడిగా చెబుతున్నాను. మనిషి జన్మకి ఇంతకంటే హాయి లేదు.

ఆకలి తెలియదు. కరెంటు బిల్లు గుర్తు రాదు. ఇంట్లో ఎవరైనా పని చెబితే, "ఉండు, మానిటర్ చూస్తున్నాను" అంటే చాలు. చెప్పినవాళ్ళే వెళ్ళి ఆ పని చేసుకుంటారు. ఇంతటి వరం తపస్సు చేస్తే మాత్రం దొరుకుతుందా?

సంగతేమిటో మొదటినుంచీ చెబుతాను.

మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది. పేరుకి ఇద్దరిదీ. నేను వారానికొక పూట పత్రికకి ఈ కాలమ్ టైపు చేసుకుంటాను. మిగతా ఆరున్నర రోజులూ దాని ముందు కూర్చునేది మా ఆవిడ. ఆవిడ ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది. ఎవరికైనా చిన్న ఇల్లో, ఉన్న ఇంటికి ఇంకో గదో కావాలంటే, గోడ ఎక్కడ, తలుపు ఎటు, మెట్లెన్ని, అన్నీ ఆ తెర మీద సన్నటి గీతలుగా గీసి, ప్రింటు తీసి మేస్త్రి చేతిలో పెడుతుంది. అంటే మా ఇంట్లో పని చేసేది ఆవిడ, ప్రపంచంలో జనం పని చేయకుండా ఎలా పాడైపోతున్నారో రాసేది నేను.

పాపం, ఆ మానిటర్‌కి వయసు మీద పడింది. ఎడమ పక్క జానెడు మేర మసక. అక్కడ గీత ఉందో లేదో చూడాలంటే ముక్కు తెరకి ఆనించాల్సిందే.

"ఏమండీ, ఏదో ఒక మానిటర్ తెచ్చుకుందామా? కళ్ళు లాగేస్తున్నాయి" అంది మా ఆవిడ ఒకరోజు.

ఏదో ఒకటా! నేనుండగానా?

"నువ్వేం కంగారుపడకు. ఈ విషయం నాకు వదిలెయ్" అన్నాను.

పాఠకులారా, ఏ ఇల్లయినా బీటలు తీసే ముందు ఎవడో ఒక మొగుడు ఈ మాట అనే ఉంటాడు.

మా కంప్యూటర్ తయారుచేసిన కంపెనీవాడే మానిటర్ కూడా అమ్ముతాడు. దాని ధర చూస్తే, మానిటర్ కొన్నవాళ్ళకి మిగతా కంప్యూటర్ కొసరుగా ఇస్తాడేమో అనిపించింది. "వేరే కంపెనీది తీసుకో బావా. సగానికి సగం తగ్గుతుంది. ఎవరిదైనా కేబుల్ ఒకటే, చక్కగా పనిచేస్తుంది" అన్నాడు మా బావమరిది. ఆఫీసుల్లో కంప్యూటర్లు బిగించడం అతని ఉద్యోగం. రెండు మోడళ్ళ పేర్లు కూడా చీటీ మీద రాసిచ్చాడు. విషయం తెలిసినవాడు. అందుకే అతని మాట వినబుద్ధి కాలేదు. ఆ చీటీని జేబులో పెట్టుకుని నా సొంత పరిశోధన మొదలుపెట్టాను.

నా బడ్జెట్‌లో ఎన్ని మానిటర్లున్నాయో తెలుసా? డెబ్భై మూడు! అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉంటాయి. పేరు చివర ప్లస్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఏమిటో కనిపెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ప్లస్ ఉన్నదాని అట్టపెట్టె నీలం రంగు!

పైగా ఎంత చదువు చదివానని! రిఫ్రెష్ రేటు అని ఒకటుంది. తెర సెకనుకి డెబ్భై అయిదుసార్లు తనను తాను కొత్తగా మార్చుకుంటుందట. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఒక్కసారి కూడా మారలేదని మా ఆవిడ అభిప్రాయం. రెస్పాన్స్ టైమ్ అని ఇంకోటి. చెప్పిన పని తెర ఎంత త్వరగా అందుకుంటుందో చెప్పే కొలత. మంచి మానిటర్‌కి అయిదు మిల్లీసెకన్లు. వంటింట్లోంచి పిలిస్తే నాకెంత పడుతుందో ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. కొలిచి ఉంటే వెనక్కి ఇచ్చేసేవాళ్ళు.

ఇక రివ్యూలు! ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, "ఇంకా పెట్టె తెరవలేదు" అని రాశాడు. ఒకావిడ ఒకే నక్షత్రం ఇచ్చి, ఇంటికి తెచ్చినతను నవ్వలేదని రాసింది. తెరలో ఒక పిక్సెల్, అంటే ఆవగింజంత చుక్క, చచ్చిపోయిందని ఇంకొకాయన ఎంత బాధగా రాశాడంటే, నేను పోయాక నా గురించి అందులో సగం రాసినా చాలు, ఇప్పుడే పోతాను.

ఇవన్నీ ఒక పట్టికలో ఎక్కించాను. డెబ్భై మూడు వరసలు, ఇరవై మూడు గడులు. స్టాండు వంగుతుందా, మెడ తిరుగుతుందా, బటన్లు కిందున్నాయా వెనకున్నాయా, గోడకి తగిలించొచ్చా? మా గోడకి మేకు దిగదు. అయినా గడి ఉండాలిగా!

మూడో వారంలో మా ఆవిడ అడిగింది. "ఎంతవరకు వచ్చింది?"

"బాగా తగ్గించాను. ఇరవై ఆరే మిగిలాయి."

ఆరో వారంలో మళ్ళీ వచ్చింది. "ఒక్కో గీత రెండుగా కనబడుతోందండీ."

"అది కాంట్రాస్ట్ సమస్య. సరిగ్గా దాని మీదే ఉన్నాను!" అన్నాను ఉత్సాహంగా. ఆవిడ నన్నొకసారి చూసి, కళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నా పట్టుదల చూసి మాట రాలేదనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ ప్లాన్ కోసం మా ఇంటికొచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైందట. నేలమాళిగలో గది. ఒక్క కిటికీ లేదు. పగలు వానొచ్చిందో లేదో సాయంత్రం బయటికొచ్చి నేల చూసి తెలుసుకునేదట. ఇప్పుడు తన ఇంటికి ముందువైపు ఒక చిన్న వంటగది కట్టుకుంటోంది.

"అమ్మాయ్, నాకు సోకులేం వద్దు. పొయ్యి ముందు నిలబడితే వీధి కనబడాలి. అంతే" అంది.

మా ఆవిడ కిటికీ గీసింది. పొయ్యి కాస్త ఎడమకి జరపాలని రెండు రోజుల తర్వాత పెద్దావిడ కబురు పంపింది. అయితే కిటికీ కూడా జరపాలి కదా. మా ఆవిడ పాత కిటికీ చెరిపింది. కొత్తది ఎడమ పక్కన గీశాననుకుంది. ఆ పక్క మసక కదా, గీత పడిందీ పడనిదీ కనబడలేదు. పడలేదు. ప్రింటులో అక్కడ గోడే వచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతో చూసుకుని, మేస్త్రికి ఇచ్చేసింది.

ఒక ఉదయం మేస్త్రి ఫోన్ చేశాడు. "అమ్మా, గోడ కప్పుదాకా లేచింది. పెద్దావిడ వచ్చి కిటికీ ఏదయ్యా అంటోంది. కాగితంలో లేనిది నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

మా ఆవిడ మొహం పాలిపోయింది. చెప్పులేసుకుని బయల్దేరింది. నేనూ వెనకాలే నడిచాను. సగం చదివిన రివ్యూ వదిలేసి రావడం ఎంత త్యాగమో మీకు వేరే చెప్పాలా?

పెద్దావిడ ఆ కొత్త గదిలో, పొయ్యి రావలసిన చోట నిలబడి గోడకేసి చూస్తోంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"తప్పు నాదేనండీ. గోడ కొట్టించి కిటికీ పెట్టిస్తాను. ఆ కూలి నేనే ఇచ్చుకుంటాను" అంది మా ఆవిడ.

పెద్దావిడ దగ్గరికొచ్చి మా ఆవిడ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. "కళ్ళు అలా ఉన్నాయేమే? ఏడ్చావా?"

"లేదండీ. రెండు నెల్లుగా ఇలాగే ఉన్నాయి."

"రెండు నెల్లా! మీ ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరా?"

ఎదురుగా గోడలో ఇటుకలున్నాయి. నేను వాటిని చాలా శ్రద్ధగా లెక్కపెట్టాను.

తిరిగి వస్తుంటే మా ఆవిడ ఇంటివైపు తిరగలేదు. మలుపులో ఉన్న కంప్యూటర్ షాపులోకి తిన్నగా వెళ్ళి, బ్యాగులోంచి పెన్ డ్రైవ్ తీసి షాపాయనకిచ్చింది. "ఇందులో ఒక ప్లాన్ ఉంది. తక్కువ ధరలో ఉన్న మానిటర్ల మీద పెట్టి చూపించండి."

మొదటి దాని మీద పెట్టాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోదీ వద్దంది. మూడో దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంట్లో కూర్చునేంత దూరం జరిగి, ఎడమ మూలనుంచి కుడి మూలదాకా గీతలన్నీ వేలితో చూపిస్తూ చదువుకుంది.

"ఇది ఇచ్చేయండి."

నా గుండె ఆగింది. ఆ కంపెనీ పేరు నా డెబ్భై మూడింటిలో లేనే లేదు! "ఆగాగు! దాని రివ్యూలేమిటి? స్టాండు వంగుతుందా? గోడకి..."

షాపాయన నావైపు చూసి, మా ఆవిణ్ణి అడిగాడు. "ఈయన మీతోనే వచ్చారామ్మా?"

ఆవిడ కాస్త ఆలోచించి, "అవును" అంది.

మొత్తం ఇరవై నిమిషాలు. అందులో అయిదు నిమిషాలు పెట్టెకి తాడు కట్టడానికి.

ఇంత జరిగాక కూడా ఎంపిక వరమేనా అంటారేమో. ముమ్మాటికీ వరమే! మానిటర్ కొంటే ఏముంది, పని చేయాలి. ఎంచుకుంటున్నంతకాలం పని చేస్తున్నట్టే ఉంటుంది, చేయక్కర్లేదు. పక్కనున్న మనిషి కళ్ళలోకి చూడాల్సిన బాధ అసలే ఉండదు. నాలాంటివాళ్ళ కోసమే కంపెనీలు డెబ్భై మూడు రకాలు తయారుచేస్తున్నాయని నా అనుమానం.

వారం తర్వాత పెద్దావిడ కబురు చేస్తే ఇద్దరం వెళ్ళాం. గోడ కొట్టేటప్పుడు నాలుగు ఇటుకలు ఎక్కువ ఊడి, కిటికీ అనుకున్నదానికంటే జానెడు పెద్దదైంది. పెద్దావిడ పొయ్యి ముందు నిలబడి, వీధిలో ఎవరు వెళుతున్నారో మా ఆవిడకి పేరుపేరునా చెబుతోంది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "సార్, మా అమ్మాయి చదువుకి మానిటర్ కొనాలి. మీరు దాని మీద చాలా కష్టపడ్డారట కదా. ఏది మంచిదో కాస్త చెప్పండి."

నోరు తెరిచాను. ఇరవై మూడు గడులూ గొంతుదాకా వచ్చాయి. మింగేశాను.

"అమ్మాయిని షాపుకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టు. కనబడుతోందా తల్లీ అని అడుగు" అన్నాను.

"అంతేనా సార్? దీనికి మీకు రెండు నెలలు పట్టిందా?"

తల తిప్పుకుని కిటికీ దగ్గరికెళ్ళి, గంభీరంగా వీధి చూస్తూ నిలబడ్డాను.

వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "కాస్త పక్కకి జరుగు నాయనా. నువ్వు అడ్డంగా ఉన్నావు, మాకేం కనబడటం లేదు."