దేశనిర్మాణానికి చెక్క ఇటుకలు

మూడో పంచవర్ష ప్రణాళిక నడుస్తుండగా పైవారొక సత్యం కనిపెట్టారు. చెక్క ఇటుకలతో ఇళ్లు కట్టే ఆట ఆడితే పిల్లలకు ఓర్పు, నిజాయితీ, దేశనిర్మాణ దక్షత వాటంతటవే అబ్బుతాయట. వెంటనే నిజామాబాదు బీడీకార్మికుల వాడలోని బాల్వాడికి ఒక పెట్టెడు ఇటుకలు మంజూరయ్యాయి. దారిలో ప్రతి ఆఫీసులోనూ అధికారులు తమ సొంత బిడ్డల చేత ఆడించి, అవి హానికరం కావని రూఢి చేసుకున్నారు. ఇంత శ్రద్ధ వల్ల పెట్టె బాగా తేలికపడి వచ్చింది. పంతులమ్మ సుమిత్రమ్మ దాన్ని ఒంటిచేత్తో దింపుకుంది.

వెంట ఒక హుకుం కూడా వచ్చింది. తనిఖీ నాటికి పిల్లలు ఇల్లు కట్టి చూపాలి, లేకుంటే బాల్వాడి మూసివేత. మూస్తే సుమిత్రమ్మ కొలువు పోతుంది, పిల్లలు మళ్లీ తల్లుల పక్కన తంబాకు దుమ్ములో కూర్చుంటారు. పాపం, ఆమెకు అన్నం సహించలేదు.

"జర ఇల్లు కట్టుండ్రి బిడ్డా" అని బతిమాలింది.

పిల్లలకు పనంటే తెలిసింది ఒక్కటే. హన్మవ్వ బిడ్డ గోదావరి, ఐదేళ్లది, స్టూలెక్కి కాలు మీద కాలేసుకుంది. మిగతావాళ్లు ఇటుకలు పట్టుకుని వరుస కట్టారు. "ఇది వంకరున్నది, చాట్! ఇది గూడ చాట్!" అంటూ గోదావరి మంచి మంచివన్నీ ఏరి ఒళ్లో వేసుకుంది. కార్ఖానాలో బీడీలను అట్లాగే ఏరతారు. చాట్ అని, అంటే పనికిరాదని, పక్కన పెట్టిన బీడీకి చుట్టినవారికి కూలి రాదు, బీడీ మాత్రం కట్టలో చేరి చక్కగా అమ్ముడుపోతుంది. ఇందులో వింతేమీ లేదు.

తనిఖీ అధికారి రాజారాం జీపు దిగేసరికి గోడ చీలమండ ఎత్తయినా లేవలేదు. సుమిత్రమ్మ ఎదురెళ్లి నమస్కారం పెట్టింది.

"ఇల్లేదమ్మా?" అన్నారాయన.

"ముందుగాల మాల్ సూడాలె గద సారూ" అంది గోదావరి, నిండిన ఒడి సర్దుకుంటూ.

రాజారాం ముఖం వికసించింది. "చూశారా! ఇంత చిన్న వయసులో నాణ్యతపై ఎంత పట్టుదల! ఇటువంటి పౌరులే రేపటి భారతానికి పునాదిరాళ్లు!" అని ఉపన్యసించి, తానూ గొంతుక్కూర్చున్నారు. గోదావరి ఒళ్లోంచి రంగు బాగున్న ఇటుకలు ఏరి, "ఇవి పిల్లలకు పనికిరావు" అని తేల్చి సంచిలో వేసుకున్నారు. బాల్వాడి కొనసాగాలని అక్కడికక్కడే సంతకం చేసి వెళ్లారు.

గోదావరికి ఏడుపొచ్చింది. "సారు దొంగతనం జేసిండు గద టీచరమ్మా?"

అవునంటే ఆ మాట వాడంతా తిరిగి ఆయన చెవిన పడుతుంది. బాల్వాడి మిగలదు.

"కాదు బిడ్డా, తనిఖీ జేసిండు" అంది సుమిత్రమ్మ. గోదావరి కళ్లు తుడుచుకుని ఆ మాట కంఠస్థం చేసుకుంది.

ఈ కథను మీ పిల్లలకు నిస్సంకోచంగా చదివి వినిపించవచ్చు. వాళ్ల చేతిలోని ఆఫీసు పెన్సిలు మీరు తనిఖీ కోసం తెచ్చిందేనని అందరికీ తెలుసు.