ఆమోదం పొందిన ముడతలు

భూగోళాన్ని చల్లబరిచే పని సోమవారం ఉదయం మధురవాడలో మొదలవుతుందని అక్కడి ఓ కంప్యూటర్ కంపెనీ ప్రకటించింది. (అందాకా భూగోళం ఓపిక పట్టాలి.)

కంపెనీ పొగ ఎక్కడ తగ్గించాలో తేల్చడానికి ఓ సంఘం వేశారు. ఏసీలు ముట్టుకోకూడదు, ఆలోచనలకి చెమట పడుతుంది. మనిషికో కారు మర్యాద. జనరేటరు ఎండీగారి బావమరిది అమ్మినది. ఇలా ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ సంఘం గేటు దాటి, గానుగ చెట్టు కింద కామరాజు బొగ్గుల ఇస్త్రీపెట్టె దగ్గర ఆగింది.

కామరాజు కంపెనీ వాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేసుకుని బతికే ముసలాయన. మాటకి పిసినారి.

"తాతా, ఇకనుంచి మా స్టాఫ్ ఇస్త్రీ లేకుండానే వస్తారు. భూమి కోసం" అంది కర్బన పాదముద్రల తగ్గింపు అధికారిణి శ్రీసత్య.

ఇన్నాళ్లూ భూమిని కాల్చింది తానేనా అని కామరాజు సిగ్గుపడ్డాడు. లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. అంత పెద్ద పని తనవల్ల అవుతుందని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

"ఊఁ" అన్నాడు.

ఇస్త్రీ బండి మీద బొగ్గు రాజుకోలేదు. ఇంట్లో పొయ్యి కూడా ఒంటిపూటే వెలిగింది. (ఆ తగ్గుదలనీ కంపెనీ తన ఖాతాలోనే వేసుకుంది.)

ఇంతలో ఢిల్లీ నుంచి హరిత పురస్కార బృందం విమానమెక్కింది. ఫోటోలు తీస్తారు కదా అని కంపెనీ ముందుగా ఓసారి అందరినీ నిలబెట్టి చూసుకుంది. ఒకరి ముడత అడ్డం, ఒకరిది నిలువు. ఒకాయనైతే మంచం మీంచి లేచొచ్చినట్టున్నాడు. (లేచే వచ్చాడు.) క్రమశిక్షణ లేని ముడత సంస్థ పరువుకి భంగమని ఉత్తర్వు వెలువడింది. ఎడమ భుజం నుంచి జేబు దాకా, ఏటవాలుగా, మూడు ముడతలు. అందరికీ ఒకేలా.

శ్రీసత్య మళ్లీ చెట్టు కిందకి వచ్చింది.

"తాతా, ముడతలు వెయ్యడం వచ్చా?"

"ఊఁ."

ముందు చొక్కా నున్నగా ఇస్త్రీ అయితేగాని ముడత తిన్నగా నిలవదు. అంచేత చొక్కాకి రెండేసి ఇస్త్రీలు, రెండింతల బొగ్గు. బస్తా దింపుతూ భార్య తాయారు పకపకా నవ్వింది.

"ఏటి మావా సేత్తన్నావ్? బతుకంతా ముడతలు తీసినోడివి, ఇప్పుడు ఏత్తన్నావా?"

"భూమి కోసమే."

"భూమొచ్చి సెప్పిందేటి నీకు?"

"మేడమ్ సెప్పింది."

బొగ్గుల పొగ కంపెనీ లోపలికి పోయింది. కిటికీలు మూసి, ఏసీలు పెంచారు.

మొదటి బహుమతి కంపెనీదే. ఏడాది పొడుగునా ముడతలేసే పని కామరాజుకే ఇస్తామన్నారు. అయితే బహుమతి సభకి స్వయంగా వచ్చి, వేదికెక్కి ఆ పని ఉత్తర్వు అందుకోవాలి.

సభ మొదలయ్యేదాకా అందరి చొక్కాలూ చేస్తూనే ఉన్న కామరాజుకి తన చొక్కా సంగతి గుర్తు రాలేదు. తీగ మీద ఆరినదాన్ని ఆరినట్టే తొడుక్కుని వెళ్లాడు. గేటు దగ్గర గార్డు సన్యాసిరాజు ఎగాదిగా చూశాడు.

"ఏటనుకోకు బావా. నీ ముడతలు సొంతయి. కంపెనీ ముడతలున్నోల్నే లోపలికి ఒగ్గమన్నారు."

"నానే ఏసినాను కదేటి అయ్యి" అన్నాడు కామరాజు. ఆ ఏడాదికి అదే ఆయన ఎక్కువ మాట్లాడటం.

"నాకు తెల్దేటి? రూలు బావా."

లోపల మైకులో కామరాజు పేరు రెండుసార్లు పిలిచారు. మనిషి రాలేదు. పిలిచినా రానివాడికి పర్యావరణం మీద శ్రద్ధ లేదని రాసుకుని, పని ఇంకొకరికి ఇచ్చారు.