వీధి మలుపులో ఐదు ఫ్లెక్సీలు

పెద్దకర్మ రోజు పొద్దున యోగానందకు మిగిలిన పని ఒక్కటే. బంగారుపాళ్యంలో బస్సు దిగేవాళ్లకు ఇల్లు తెలిసేలా వీధి మలుపులో నాయన ఫ్లెక్సీ కట్టించాలి. షామియానా ముందురోజే వేశారు. వంటవాళ్లు వడలకు పప్పు రుబ్బుతున్నారు. రెండు వందల మంది వస్తారని అంచనా.

ఫ్లెక్సీ ఆలస్యం కావడానికి కారణం ఒక్క మాట. 'స్వర్గీయ' అన్నదానికీ 'మునిరత్నం గారు' అన్నదానికీ మధ్య ఏదో ఒకటి ఉండాలి కదా. వేరే ఇళ్లలో అది సులువు. రైతు అంటారు, వర్తకుడు అంటారు, అయిపోతుంది. ఇరవై రెండేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతూ పిల్లల మాటలు దిద్దుతున్న యోగానందకు, సొంత నాయన పేరు ముందు పెట్టడానికి మాట దొరకలేదు.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. బడి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట ఆరో తరగతిలో బస్సు కండక్టరని రాశాడు. ఎనిమిదిలో రేడియో మెకానిక్కని రాశాడు. పదిలో మామిడి అంట్లు కట్టడమని రాశాడు. "ఏమిరా, ఏడాదికొక నాయన మారతాడా నీకు?" అని హెడ్మాస్టరు అడిగితే తరగతంతా నవ్వింది. ఇంటర్లో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. నాయన అంటే ప్రేమే. నిలకడ లేని మనిషన్న చిన్న సిగ్గు మాత్రం లోపల ఎక్కడో ఉండిపోయింది.

ఇప్పుడూ అదే చేశాడు. ముందురోజు ఫ్లెక్సీల అంగడి ఢిల్లీబాబుకు ఆ మాట ఉండవలసిన చోట గీతలు పెట్టి ఇచ్చి, గంటలో ఫోన్ చేసి చెబుతానన్నాడు. చేయలేదు. ఢిల్లీబాబు గీతలతోనే అచ్చువేసి, అంగడి ముందు ఆరగట్టాడు.

ఎదురుగా టీ తాగుతున్న పాత బస్సు డ్రైవర్లు అది చూసి నొచ్చుకున్నారు. తమ దగ్గరున్న పాత ఫొటో ఇచ్చి 'కండక్టర్ రత్నం' అని వేరే ఫ్లెక్సీ వేయించారు. అది చూసి రేడియో స్నేహితులు 'రేడియో మునెయ్య' అని వేయించారు. మామిడి తోటల వాళ్లు 'అంట్ల నాయుడు' అన్నారు. వీధి నాటకం బృందం కిరీటం, బుగ్గ మీసాలు ఉన్న ఫొటో తెచ్చి 'రాజు వేషం రత్నప్ప' అన్నారు. ఢిల్లీబాబు ఎవరినీ కాదనలేదు. పెద్దకర్మ రోజు ఏడు గంటలకల్లా వీధి మలుపులో ఐదు ముఖాలు, ఐదు పేర్లు, ఒకే మరణ తేదీ వేలాడుతున్నాయి.

పాలవాడు వాటిని ఫోన్లో ఫొటో తీసి, ఒకే వీధిలో ఒకే రోజు ఐదుగురు పోయారని అందరికీ పంపాడు. ఎనిమిదికి అది నీళ్ల దోషమని తేలిపోయింది. తొమ్మిదికి బస్సు దిగిన చుట్టాలు ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుని టీ అంగడి దగ్గరే ఆగిపోయారు. తొమ్మిదిన్నరకు హెల్త్ ఇన్‌స్పెక్టర్ పరంధామయ్య జీపులో దిగాడు. గూడూరు నుంచి బదిలీ అయి వచ్చి పదిహేను రోజులైంది కాబట్టి మునిరత్నం ఎవరో ఆయనకు తెలియదు. రాగానే కుళాయి కట్టేయించి, నీళ్ల సంగతి తేలేదాకా ఎవరూ ఒక్క మెతుకు ముట్టకూడదని చెప్పి పొయ్యి ఆర్పించాడు.

పోయింది ఒక్కరేనని యోగానంద ఆయన వెంటపడి చెప్పాడు. వచ్చినవాళ్లు తినకుండా పోతే పోయినవాళ్లకు ముట్టదని అమ్మ నమ్మకం. జీవితమంతా ఎవరినీ ఆకలితో పంపని మనిషికి ఈ ఒక్క పూట జరగాలి.

"పోయినోళ్లు ఐదుగురు. మీరేమో ఒకరే అంటున్నారు. మిగతా నలుగురూ ఎవరు?" అని పరంధామయ్య అడిగాడు.

"అందరూ మా నాయనే సార్."

పరంధామయ్య జాలిగా చూసి, యోగానంద చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్ పెట్టాడు. తరువాత ఐదు ఫారాలు తీసి గీతల ఫ్లెక్సీ వైపు చూపించాడు. "ఈయన సంగతేంది? పోల్చుకోలేకపోయినారా?"

సాక్ష్యానికి పిలిస్తే గొడవ ముదిరింది. తమ రత్నం ఎన్నడూ మీసం పెట్టలేదని డ్రైవర్లు ఒట్టు పెట్టారు. తమ రత్నప్ప బస్సెక్కితే వాంతి చేసుకునేవాడని నాటకం వాళ్లు అన్నారు. ఢిల్లీబాబును అడిగితే అతను నిజమే చెప్పాడు. "నాకైతే ఐదు ఆర్డర్లు వచ్చినాయి సార్."

అప్పుడు యోగానంద అమ్మ యశోదమ్మ బయటికి వచ్చింది. ఐదు ఫ్లెక్సీలనూ ఒక్కొక్కటిగా చూసింది. పదకొండు రోజుల్లో ఆమె ముఖంలో నవ్వు కనబడటం అదే మొదలు.

"ఐదుగురికీ ఎడమ కనుబొమ మింద మచ్చ ఉండాది సూడు నాయనా. మా పెండ్లిలో కొబ్బరికాయ చిప్ప ఎగిరి తగిలింది."

పరంధామయ్య కుర్చీ ఎక్కి ఐదు కనుబొమలూ పరీక్షించాడు. కిరీటం కింద కూడా మచ్చ ఉంది. దిగి, నాలుగు ఫారాలు పక్కన పెట్టి, ఐదోది యోగానందకు ఇచ్చాడు. వృత్తి అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఏమి రాసేది మా, ఆయన దేంట్లోనూ నిలవలేదు కదా" అన్నాడు యోగానంద మెల్లగా.

"నిలకడ లేక కాదురా. నువ్వు చిత్తూరు బడికి పోతావుంటే ఆ బస్సే ఎక్కినాడు. ఈడ హైస్కూల్లో చేరితే దాని ఎదురుగానే రేడియో అంగడి పెట్టినాడు. పదో తరగతి పరీక్షలప్పుడు పొద్దు గూకేలోగా ఇంటికి రావాలని తోటల పనికి పోయినాడు. నువ్వు యాడుంటే ఆడ పని ఎతుక్కున్నాడు."

పరంధామయ్య కిరీటం ఉన్న ఫ్లెక్సీ వైపు చూశాడు. "మరి రాజు వేషం?"

"అది ఆయన సరదా" అంది యశోదమ్మ.

యోగానంద రాయడం మొదలుపెట్టాడు. గడి నిండింది, అంచులు నిండాయి, కాగితం తిరగేశాడు. పరంధామయ్య అతన్ని ఆపలేదు. పొయ్యి వెలిగించమని వంటవాళ్లకు సైగ చేసి, మొదటి పంక్తిలో తనూ కూర్చున్నాడు. రెండుసార్లు పాయసం వేయించుకున్నాడు.

సాయంత్రం ఆయన పై అధికారికి నివేదిక పంపాడు. మృతులు ఒకరు, కారణం వృద్ధాప్యం, వృత్తి గడిలో చోటు చాలనందున నాలుగు అదనపు ఫారాలు జతపరచడమైనది.