ఎనిమిది గాలి గదులు

గంటి కామేశం కుడిచెంప ఎముక వెనక జనన మరణాల నమోదు కార్యాలయం పెట్టిన సంగతి, ఆషాఢమాసంలో ఓ సోమవారం ఉదయం మునిసిపాలిటీవారి తాఖీదు అందాక అతనికి తెలిసింది. ఆఫీసు అప్పటికే నాలుగు రోజులుగా పనిచేస్తోంది. చెంప బరువెక్కితే పాత పడిశమే ముదిరిందనుకుని కామేశం గురువారం నుంచి పసుపుకొమ్ము కాల్చి పొగ పీలుస్తున్నాడు. తాఖీదులో ఆ ప్రస్తావన కూడా ఉంది. కార్యాలయ ఆవరణలో ఎవరూ పొగ పెట్టరాదని మూడో పేరాలో రాశారు.

కామేశం ఒక పచ్చళ్ల కంపెనీలో వాసన చూసే ఉద్యోగి. పప్పునూనె డబ్బా మూత తీసి ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడంటే, నువ్వులు పాతవో కొత్తవో, గానుగ కడిగారో లేదో చెప్పేసేవాడు. ఐదేళ్ల కిందట పట్టిన పడిశం మాత్రం అతన్ని వదల్లేదు. వాము మూటలు, మిరియాల కషాయాలు, దుప్పటి ముసుగులో ఆవిరి, అన్నీ అయ్యాయి. రెండేళ్లుగా అతనికి ఏ వాసనా తెలియడం లేదు. ఆ మాట యజమానికి చెప్పలేదు. డబ్బా దగ్గరికి ముక్కు తీసుకెళ్లి, ఇదివరకు ఎంతసేపు ఉంచేవాడో అంతసేపూ ఉంచి, తలూపుతున్నాడు. ఊపిన ప్రతిసారీ గుండె గుబగుబలాడేది. ఈ మోసం బయటపడేలోగా తన ముక్కు తనకు తిరిగి రావాలి. అంతకు మించి కామేశానికి కోరికల్లేవు.

ముక్కు డాక్టరు రత్నమాణిక్యంగారు అతనికి స్కానింగు తీయించారు. ఇంగ్లీషు రిపోర్టు చూసి అతను బిక్కమొహం వేస్తే, ఆవిడ జాలిపడి చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. "ముక్కు చుట్టూ గాలి గదులు ఎనిమిది. ఐదు ఖాళీ. మూడింట్లో నీరు నిలిచి ఉంది. ద్వారాలు ఇరుకు. దూలం ఎడమకు ఒరిగింది." రోగికి అర్థమయ్యేలా రాసే అలవాటు ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కరికే ఉంది. కొంప మునిగింది సరిగ్గా అక్కడే.

ఆ వారమే మునిసిపాలిటీవారు ఖాళీ గదుల సర్వే మొదలుపెట్టారు. ప్రభుత్వ కార్యాలయాలు చాలా వాటికి కప్పులు కారుతున్నాయి. వాటిని ఊళ్లోని ఖాళీ గదుల్లోకి మార్చాలన్నది పథకం. సర్వే గుమాస్తా భీమశంకరం వచ్చి ఇంటిపన్ను రసీదు అడిగితే, తలనొప్పితో కళ్లు తెరవలేకపోతున్న కామేశం చేతికందిన కాగితం తీసిచ్చాడు. భీమశంకరం దాన్ని పొల్లు పోకుండా ఫారంలోకి ఎక్కించుకుని, డాక్టరుగారి చీటీని దానికే జతచేసి, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

ఇది మనిషి తలకు సంబంధించిన కాగితమేమోనని ప్లానింగు విభాగంలో ఒక ఇంజనీరు అనుమానపడ్డాడు. ఫైలు పద్దెనిమిది రోజులు ఆగింది. పై అధికారి దాన్ని తెప్పించుకుని, "గదులున్నవి, ద్వారములున్నవి, దూలమున్నది. ఇల్లు కాదనుటకు ఆధారమేమి?" అని పచ్చసిరాతో రాశాడు. ఇంజనీరు ఆధారం చూపలేకపోయాడు. ముక్కుకి దూలమని పేరు పెట్టిన పూర్వీకులు ఎవరోగాని, వాళ్ల మీద చర్య తీసుకునే వీలు లేదు.

పదకొండు మంది సిబ్బంది, ఆరు బీరువాలు ఒక చెంపలో ఎలా పట్టాయని ఎవరూ అడగలేదు. అంతకు ముందు వాళ్లు మెట్ల కింద గదిలో ఇరవై ఏళ్లు సర్దుకున్నవాళ్లే. కామేశానికి మాత్రం రోజువారీ వేళలు తెలిసిపోయాయి. పొద్దున పదిన్నరకు చెంప బరువెక్కేది. ముద్ర వేసినప్పుడల్లా పైపళ్లు జివ్వుమనేవి. ఒంటిగంటకు భోజనాలకు లేస్తారు కాబట్టి కాస్త తేలికపడేది. చెప్పులు తొడుక్కోడానికి వంగితే బీరువాలు ముందుకు జరిగి కన్ను పీకేది. వాన పడితే కాగితాలు చెమ్మగిల్లి లోపలంతా బిగుసుకుపోయేది. ధ్రువపత్రాల కోసం వచ్చినవాళ్లు కంపెనీ దగ్గర అతని కుడివైపు వరసలో నిలబడి, ముక్కు దగ్గర దరఖాస్తు పెట్టేవారు. కామేశం పెద్దమనిషి కాబట్టి, వాళ్లకు అందేలా తల కాస్త వంచేవాడు.

తుమ్ము పెద్ద సమస్య అయింది. పనివేళల్లో తుమ్మదలిస్తే ముందురోజే రాతపూర్వకంగా తెలపాలని రెండో తాఖీదు వచ్చింది. శ్రావణంలో ఒకనాడు ఆపుకోలేక తుమ్మేసరికి బంట్రోతు సింహాద్రి బయటపడ్డాడు. అతన్ని ఉన్నచోటి నుంచే నీటి సరఫరా విభాగానికి బదిలీ చేశారు. సింహాద్రి ఆ తరవాత కామేశం కనబడితే దణ్ణం పెట్టేవాడు. అతను మూడేళ్లుగా అడుగుతున్న బదిలీ అది.

కామేశం మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చిన్న లైటు పెట్టి కుడి రంధ్రంలోకి చూసి, లోపలున్నవాళ్లకు నమస్కారం చేశారు.

"లోపల ఆఫీసుందండి," అన్నారు.

"ఆయ్. తెలుసండి. తగ్గుద్దంటారా?"

"వాపు తగ్గించొచ్చండి. సిబ్బందిని నేను తగ్గించలేను కదా. పన్నెండు వారాలు దాటిన పడిశాన్ని జలుబు అనుకోకూడదండి, దానికి ఓపిగ్గా వైద్యం చెయ్యాలి. మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి, రెండుపూటలా ముక్కు కడగండి. ఒక రంధ్రంలోంచి పోస్తే రెండో దాంట్లోంచి రావాలి. తరవాత ఈ స్ప్రే కొట్టండి. దూలం వైపు కాదు, చెవి వైపుకి తిప్పి కొట్టాలి. రెండు రోజులకే తగ్గలేదని మానేస్తారు మనవాళ్లు. మూడు నెలలు మానకండి."

"అప్పటికీ తగ్గకపోతేనండి?"

"ద్వారం వెడల్పు చేసి, దూలం సరిచేస్తాం. చిన్న ఆపరేషనే. కాపోతే ప్రభుత్వ కార్యాలయం ఉన్న కట్టడం కదండి, వాళ్ల దగ్గర అభ్యంతరం లేదని కాగితం తేవాలి."

కామేశం మర్నాడు సెలవు పెట్టి, అద్దం ముందు కూర్చుని, తన ముక్కుకి తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. అతను నోటితో అడిగితే, సూపరింటెండెంటు ఆదిశేషు జవాబు ముక్కులోంచి వచ్చేది. మంగతాయారు వంటింట్లోంచి వింటూ, మొగుడు పద్యం సాధన చేస్తున్నాడనుకుంది.

"మీరు ఈ కట్టడానికి ఏమవుతారండి?" అని అడిగాడు ఆదిశేషు.

"నాదేనండి. నా ముక్కండి ఇది."

"అందరూ అలాగే అంటారండి. మీ ముక్కని కాగితముందా?"

కాగితం లేదు. ఉన్న ఒక్క కాగితమూ మునిసిపాలిటీ ఫైలులో ఉంది. జననధ్రువపత్రం ఉంటే చాలన్నాడు ఆదిశేషు. దాని నకలు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఇదే ఆఫీసులోనని, గుమాస్తా సెలవులో ఉన్నాడని చెప్పాడు. కామేశానికి ఒళ్లు మండింది. గట్టిగా చీదాలనిపించింది. పనివేళలు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మిగిలింది ఉప్పునీళ్లే. పొద్దున పళ్లు తోముకున్నాక ఒకసారి, సాయంత్రం కంపెనీ నుంచి వచ్చాక ఒకసారి, తల పక్కకి వంచి పోసుకునేవాడు. స్ప్రే చెవి వైపుకి తిప్పి కొట్టుకునేవాడు. మొదటి నెలంతా ఏమీ మారలేదు. రెండో నెలలో కింది అరల్లో దస్తరాలు తడిశాయని ఆదిశేషు పై వాళ్లకు రాశాడు. మూడో నెలలో ఆ గదిని ముంపు ప్రాంతంగా ప్రకటించి, కార్యాలయాన్ని బడి వంటశాలలోకి మార్చారు. ఒక బుధవారం పొద్దున్నే బీరువాలు ఒక్కొక్కటే దిగాయి. ఆఖరున ఆదిశేషు గుమ్మం దగ్గర నిలబడి, ఇంత గాలాడని చోట తాను ఎప్పుడూ పనిచేయలేదని చెప్పి వెళ్లిపోయాడు.

గురువారం కామేశం నిద్రలేచేసరికి కాఫీ వాసన వచ్చింది. అది కాఫీ వాసనేనని పోల్చుకోడానికి అతనికి కొంతసేపు పట్టింది. తరవాత తడి గోడ వాసన, పెసరట్టులో అల్లం, మంగతాయారు జడలో కొబ్బరినూనె, ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచొచ్చాయి. అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"ఏవండీ, నెప్పెడుతుందా?" అంటూ మంగతాయారు గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"లేదే మంగా. నువ్వు వాసనొస్తున్నావు," అన్నాడు కామేశం. ముప్ఫై ఏళ్ల కాపరంలో అంత మంచి మాట తన నోట రాలేదని అతనికే అనిపించింది.

ఆ రోజు కంపెనీలో నాలుగు డబ్బాల నూనె ముక్కిపోయిన వాసన వస్తోందని పక్కన పెట్టించాడు. రెండేళ్లలో తల అడ్డంగా ఊపడం అదే మొదలు. యజమాని భుజం తట్టాడు. కామేశం దారిలో కనబడిన ప్రతిదాన్నీ వాసన చూసుకుంటూ ఇంటికి నడిచాడు. మురిక్కాలవ దగ్గర కూడా కాసేపు ఆగాడు.

నాలుగోరోజు భీమశంకరం వచ్చాడు. చేతిలో కొత్త తాఖీదు ఉంది. అందులో కామేశం తలను చాలా మెచ్చుకున్నారు. ఎనిమిది గదులూ పొడిగా, గాలి వెలుతురులతో, ఖాళీగా ఉన్నాయి. జిల్లాలో ఇంత మంచి కట్టడం మరొకటి లేదు. కాబట్టి నూట నలభై మంది సిబ్బంది, ఒక జనరేటరుతో సహా ప్రాంతీయ కార్యాలయాన్ని మొత్తంగా ఇక్కడికే తెస్తున్నారు.

కామేశం తాఖీదు రెండుసార్లు చదివాడు. పదకొండు మందికే పళ్లు జివ్వుమన్నాయి. ఈసారి పిచ్చెక్కడం ఖాయమనిపించింది.

"ఇంకో దారి లేదా శంకరంగారూ?"

భీమశంకరం మంచివాడు. తనవల్లే ఇంత జరిగిందన్న బాధ అతనికి లోలోపల ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఒకటుందండి. గదులు సొంత వాడకంలో ఉంటే ప్రభుత్వం ముట్టుకోదండి. కాపోతే లోపల మీ సామానేదో ఉండాలి. తనిఖీకొచ్చినప్పుడు కనబడాలి."

"ముక్కులో నా సామానేముంటుందండి బాబూ?"

"అదేంటండి అలాగంటారు. మీ చీమిడి మీది కాదా?"

భీమశంకరం తన ముక్కు పక్కన వేలితో మెల్లగా తట్టి చూపించాడు. నిండుకుండ చప్పుడు వచ్చింది. "నావి ఎనిమిదీ నిండే ఉన్నాయండి. ఆరేళ్లయింది. మా వీధిలో అందరివీ అంతేనండి. మీకు తెలీదనుకోలేదు," అన్నాడు.

కామేశానికి ఊళ్లో ఇన్నాళ్లూ విన్న గొంతులు ఒక్కసారిగా అర్థమయ్యాయి. కిరాణాకొట్టు మనిషి, బస్సు కండక్టరు, పక్కింటి లెక్కల మాస్టారు, అందరూ ముక్కుతో మాట్లాడేవాళ్లే. వాతావరణం మంచిది కాదు కాబోలు అనుకునేవాడు. అనుమానం తీరక డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ తలుపు వేసి, కిటికీ కూడా మూశారు.

"తగ్గించడం నాకు చేతనవునండి. మీరే చూశారు కదా," అన్నారు. ఆవిడ గొంతు కూడా ముక్కులోంచే వస్తోందని అతను మొదటిసారి గమనించాడు. "తగ్గాక ఏం చెయ్యాలో మాకు చదువులో చెప్పలేదండి. పూర్తిగా తగ్గించుకోకండి. నెమ్ముండేలా చూసుకోండి." ఈసారి చీటీ ఇంగ్లీషులో రాసిచ్చారు.

కామేశం ఉప్పునీళ్లు మానేశాడు. స్ప్రే బీరువాలో పెట్టి తాళం వేశాడు. తలస్నానం చేసి జుట్టు తుడుచుకోకుండా ఫ్యాను కింద కూర్చున్నాడు. చల్లటి పెరుగు తాగి వానలో సంతకు వెళ్లొచ్చాడు. ముక్కు నాలుగు రోజులు మొరాయించింది. ఇంత ఆరోగ్యంగా తాను ఎప్పుడూ లేడు. అయిదోరోజు మధ్యాహ్నం పోపులో ఇంగువ వాసన సగంలో ఆగిపోయింది. మంగతాయారు ఆ పూట వంట ఆపి అతని పక్కన కూర్చుంది. జడ ముందుకు వేసుకుంది. అతను తల ఆమె భుజం మీద పెట్టి, ఉన్న కాస్తా పీల్చుకున్నాడు. సాయంత్రానికి అదీ పోయింది.

తనిఖీ సజావుగా జరిగింది. వచ్చిన అధికారి రెండు చెంపలూ తట్టి, నుదురు నొక్కి, ముందుకు వంగమని, కామేశం అబ్బా అన్నాక తృప్తిపడి, "స్వంత వినియోగము" అని ముద్ర వేశాడు. ప్రాంతీయ కార్యాలయం లెక్కల మాస్టారి కోడలి తలకు వెళ్లింది. ఆమె కొత్తగా కాపరానికి వచ్చింది. పాపం, ఆమెకు ఎవరూ చెప్పలేదు. కామేశం కంపెనీలో మళ్లీ తలూపడం మొదలుపెట్టాడు. ఊపినప్పుడు గుండె ఇదివరకటిలా గుబగుబలాడడం లేదు. కొనేవాళ్ల ముక్కులూ నిండే ఉన్నాయని ఇప్పుడు తెలుసు.

సంవత్సరం తిరిగాక భీమశంకరం మళ్లీ వచ్చాడు. సర్వే రెండో విడత. ఈసారి ఫారంలో ఒకటే గది గురించి అడిగారు.

"నోరండి," అన్నాడు భీమశంకరం, కళ్లలోకి చూడలేక. "పైన కప్పు, కింద గచ్చు, ముందు తలుపులు, రెండు వరసల గోడ. వాడకంలో ఉంటే ఫరవాలేదండి. తిండి లెక్కలోకి రాదంట. ఈ ఏడాదిలో ఎక్కడైనా, ఎవరినైనా, ఇదేంటని అడిగారా?"

కామేశం ఆలోచించాడు. మంగతాయారు కూడా గుమ్మంలో నిలబడి ఆలోచించింది. ఇద్దరికీ ఏదీ గుర్తు రాలేదు.

"పోనీ ఇప్పుడైనా అభ్యంతరముంటే చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు భీమశంకరం. కలం పట్టుకుని నిజంగానే ఎదురుచూశాడు.

అభ్యంతరం ఉంది. చాలా ఉంది. కామేశం దాన్ని చెప్పాలనే నోరు తెరిచాడు. ముక్కు రెండువైపులా మూసుకుపోయి ఉంది కాబట్టి, ముందు గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. పీల్చి, వదిలి, మళ్లీ పీల్చాడు. భీమశంకరం మర్యాదగా కాసేపు ఆగి, "తలుపు తెరిచే ఉన్నది, లోపల ఎవరూ లేరు" అని రాసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. కామేశం పెట్టాడు.