తొమ్మిది పీలికల దారి

ఆ ఆదివారం పొద్దున్న ఆరింటికే దర్జీ తన షాపు తలుపు సగం తెరిచి, ఓ పసుపు గుడ్డను తొమ్మిది పీలికలుగా చింపి జేబులో కుక్కుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా. ఆవిడకు చెబితే ఆవిడ అన్నగారికి తెలుస్తుంది. ఆయనకు తెలిస్తే ఊరంతటికీ తెలుస్తుంది.

ఆ అన్నగారు రిటైరైన సర్వేయరు. ఏటా ఒక ఆదివారం వీధిలో పదిమందినీ వెంటేసుకుని, నది ఒడ్డున నడిపించి, కొండమీది పాత కోటా కావలి బురుజూ చూపించి తీసుకొస్తాడు. దర్జీ ఎప్పుడైనా "ఇటు కదా దారి" అన్నాడా, "బావా, నీకు తెలిసిన దూరమల్లా చంక నుంచి నడుము దాకా" అంటాడు. పదిమందీ నవ్వుతారు. పదేళ్ళుగా అదే మాటకు నవ్వుతున్నారు. పోయిన వారం దర్జీకి రోషం పొడుచుకొచ్చి, "ఈసారి నేను నడిపిస్తాను" అనేశాడు.

"ఐదున్నర బస్సు అందించు చాలు. ఇక జన్మలో నిన్నేమీ అనను," అన్నాడు సర్వేయరు. అందించకపోతే ఏమంటాడో ఎవరూ అడగలేదు.

నిజానికి దర్జీకి దారి తెలియదు. ఎక్కడానికి తెలియనక్కర్లేదు, ఎటు పోయినా పైకే పోతాం. చిక్కంతా దిగేటప్పుడే. అందుకే పీలికలు. పాడుబడ్డ మిల్లు దగ్గర నది ఒడ్డు వదిలి కొండెక్కడం మొదలుపెట్టాక, దారి చీలిన ప్రతిచోటా తానే ముందుండి, ఎవరూ చూడకుండా ఓ కొమ్మకు పీలిక ముడేశాడు.

అందరికన్నా వెనక, మోకాళ్ళను తిట్టుకుంటూ, భార్య వస్తోంది. మొదటి పీలికను చూడగానే పోల్చుకుంది. అతుకుల దుప్పటి కుడదామని ఆర్నెల్లుగా దాచుకున్న గుడ్డ అది. "నా గుడ్డతో చెట్లకు సింగారమా?" అని పళ్ళు నూరి, విప్పి సంచిలో వేసుకుంది. అలా తొమ్మిదీ విప్పింది.

మధ్యాహ్నం బురుజు నీడలో డబ్బాలు తెరిచారు. "ఎక్కించావు సరే, దింపడం ఎలా?" అని సర్వేయరు అడగడమే తరువాయి, దర్జీ గుట్టు విప్పాడు.

"చీలిన చోటల్లా పసుపు పీలిక కట్టాను బావగారూ. కళ్ళు మూసుకుని దిగొచ్చు."

"కళ్ళు మూసుకుంటే పీలికలెలా కనిపిస్తాయండీ?" అన్నాడు మందుల షాపాయన.

భార్య చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అన్నయ్య ముందు నోరు విప్పితే మొగుడి పరువు తన చేత్తో తీసినట్టే. "మోకాళ్ళు పట్టేశాయి. నేను ముందు మెల్లగా దిగుతుంటాను," అని సంచి పట్టుకుని లేచింది. ఏ పీలిక ఏ చెట్టు నుంచి విప్పిందో గుర్తుంటే కదా. దారి చీలిన చోటల్లా తోచిన వైపు తిరిగి, ఓ పీలిక కట్టి, భయపడుతూ ముందుకు పోయింది.

అరగంట తర్వాత దిగడం మొదలుపెట్టిన దర్జీ, మొదటి పీలిక దగ్గరే ఆగిపోయాడు. ఆ ముడి తనది కాదు. భోజనం డబ్బాల మూటకు భార్య వేసే ముడి. ఇరవై రెండేళ్ళుగా రోజూ షాపులో పళ్ళతో విప్పుకుంటున్న ముడి. ఏం జరిగిందో క్షణంలో అర్థమైంది. నిజం చెబితే జన్మంతా నవ్వులపాలు. పైగా దారి తెలియని మనిషి ముందెక్కడో ఒంటరిగా ఉంది. బస్సు సంగతి తర్వాత, ముందు ఆవిడ దొరకాలి.

"ఇటే," అన్నాడు.

కాసేపటికి ఒక రాతి తొట్టి వచ్చింది. పావుగంటకు అదే తొట్టి మళ్ళీ వచ్చింది.

"బావా, ఈ తొట్టి మనల్ని ఇందాకే చూసింది," అన్నాడు సర్వేయరు.

"రెండో వైపు నుంచి చూపిద్దామని," అన్నాడు దర్జీ. అప్పుడే అతనికి రెండో వైపున్న పీలిక కనిపించింది. ఈలోగా పీలికలు చూసి ఇదే అసలు దారి కాబోలనుకుని మరో జట్టువాళ్ళు ఏడుగురు వెనక చేరారు. "ఈయన ఈ కోట మీద పరిశోధన చేశారు," అని మందుల షాపాయన వాళ్ళకు చెబుతున్నాడు.

తొమ్మిదో పీలిక ఒక ముళ్ళపొదకు కట్టి ఉంది. అక్కడితో దారి లేదు. సర్వేయరు గొంతు సవరించుకుని, నవ్వడానికి అందరివైపూ తిరగబోయి, పొద వెనక్కి చూసి బిగుసుకుపోయాడు. చెక్కిన రాతి మెట్లు. చకచకా పాత మ్యాపు తీశాడు. "కోట సిపాయిలు నీళ్ళకు దిగిన మెట్లు. మ్యాపులో ఉన్నాయి, కొండమీద లేవు. పదేళ్ళుగా వీటికోసమే వస్తున్నాను," అంటూ మొదటి మెట్టుమీద కూర్చుని దాన్ని నిమిరాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

మెట్లు తిన్నగా నదిలోకి దిగాయి. కింద నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని దర్జీ భార్య కూర్చుని ఉంది. ఆవిణ్ణి చూశాకే దర్జీ ఊపిరి పీల్చుకున్నాడు. బస్సు ఆగే చోటు అక్కడికి నాలుగడుగులు. టైము ఐదు.

సర్వేయరు దర్జీ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, ఇన్నాళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నాను. నన్ను క్షమించు. ఇక ఏటా నువ్వే నడిపించాలి."

ఆ పొగడ్త దర్జీకి మింగుడుపడలేదు. "నాకేం తెలీదు బావగారూ. ఈ పీలికలు కట్టింది మీ చెల్లెలు. అదీ దారి తప్పి."

"అవునన్నయ్యా, ఏడుస్తూ కట్టాను," అంది ఆవిడ.

సర్వేయరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, జనం వైపు తిరిగాడు. "చూశారా? ఇంత సాధించి, గొప్పంతా పెళ్ళానికి కట్టబెడుతున్నాడు. ఆమేమో వంతపాడుతోంది. సంస్కారమంటే ఇదీ."

అందరూ చప్పట్లు కొట్టారు, ఆ కొత్తవాళ్ళు ఏడుగురితో సహా.

నిజం చెప్పి అంత మంచిపేరు తెచ్చుకున్నవాడు ఆ వీధిలో దర్జీ ఒక్కడే, అదీ ఎవరూ నమ్మకపోబట్టి.